నడిచాకే బూట్లు

"పాప నడుస్తోందా?" అని అడిగాను. నా బూట్ల కొట్లో మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే.

"ఇంకా లేదండీ," అన్నారు అత్తా కోడలూ ఒక్క గొంతుతో.

"అయితే నడిచాకే రండి. అందాకా వట్టి కాళ్లే మేలు."

"కొంటామంటే వద్దనే కొట్టు ఇదొక్కటేనేమో!" అంది అత్తగారు. కోడలు నవ్వుతూ పాపను కిందికి దింపింది. అత్తగారు ఎందుకో దారికి అడ్డంగా ఉన్న స్టూలు పక్కకు జరిపింది.

పాప తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి నా మోకాలిని వాటేసుకుంది.

"అమ్మో, నడిచేసింది!" అని అత్తగారు కేక పెట్టింది.

"ఇదే మొదటిసారి కదా అత్తయ్యా!" అంటూ కోడలు చప్పట్లు కొట్టింది.

ఇద్దరిలో ఒక్కరూ పాపను చూడలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు.

నేను బల్ల కిందికి వంగాను. అక్కడ ఒకే కొలత ఎర్రబూట్లు రెండు పెట్టెలున్నాయి. సోమవారం అత్తగారు పాప పాదం గీసిన కాగితం తెచ్చి ఒక జత తీసి ఉంచమంది. "నిన్ననే నడిచిందండీ. కోడలికి చెప్పకండి. పొద్దస్తమానం ఉద్యోగంలో ఉంటుంది పిచ్చిది, తొలి అడుగు తనే చూశాననుకోవాలి."

బుధవారం కోడలు ఇంకో కాగితం తెచ్చింది. "రాత్రి నడిచిందండీ. అత్తయ్యకి తెలియనివ్వకండి. పగలంతా పాపను మోసేది ఆవిడే. ముందు ఆవిడే చూడాలి."

ఒక పెట్టె తీసి బల్ల మీద పెట్టాను. రెండోదాన్ని కాలితో లోపలికి నెట్టేశాను.

పాదం కొలవకుండా కొలత ఎలా తెలిసిందని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.