మూడు నీలి పోగులు

పంచె అంచు మీద భూతద్దం పెట్టి దావీదురాజు రెండుసార్లు చూశాడు. మూడోసారి చూడాల్సిన అవసరం లేకపోయింది.

"అడ్డపోగు పేక రాట్నం నూలే. నిలువుపోగు పడుగు మాత్రం మిల్లుది" అన్నాడు.

గ్రంథాలయంలో చేరిన ఊరివాళ్లు ముందుకు తోసుకొచ్చారు. అది దేవేంద్రప్ప పంచె. ఆ నేతవూరికి స్వరాజ్యమనే మాట నేర్పినవాడు, విదేశీ మిల్లుబట్టలన్నీ కుప్పపోయించి తగలబెట్టించినవాడు, జైల్లోనే కన్నుమూసినవాడు. స్వరాజ్య జెండా ఎగిరి నెల కాలేదు. ఆయన చరిత్ర రాయడానికి మద్రాసు నుంచి దావీదురాజు, ఇంకో చరిత్రకారుడు వచ్చారు. అద్దాల పెట్టెలో పెట్టి దండం పెట్టుకుంటున్న పంచెను వాళ్లకు చూపించింది ఊరివాళ్లే. తమ కంట్లో తామే కారం కొట్టుకున్నట్టయింది.

"ఊరందరి చేతా మిల్లుబట్ట మాన్పించి, తాను మిల్లు నూలు కట్టాడన్నమాట" అంటూ రెండో ఆయన కలం తీశాడు. "ఇది పుస్తకంలో రాయక తప్పదు."

"ఆయప్ప పేరు పోతే ఈ ఊరికి ఇంకేముండాది సామీ?" అన్నాడు నేతగాళ్ల పెద్ద ఉరుకుందప్ప. అంటూనే పంచె మీదికి వంగాడు. అంచులో మూడు నీలి పోగులున్నాయి. ఆ వీధిలో ఏ మగ్గం గుర్తు ఆ మగ్గానిది. మూడు నీలి పోగులు ఆదెన్న మగ్గానివి. అందరి తలలూ వెనక్కి తిరిగాయి.

గడప దగ్గర ఆదెన్న నిలబడి ఉన్నాడు. ఈ రోజు వస్తుందని పదహారేళ్లుగా భయపడుతూనే ఉన్నాడు. ఆ అద్దాల పెట్టె ముందు ఏనాడూ తలెత్తి నిలబడలేదు.

"ఏమప్పా ఆదెన్నా, ఇది నీ నేతే గదా?" అని ఉరుకుందప్ప అడిగాడు.

"నాదే."

"మిల్లు నూలు యాడిది మరి?"

కిటికీ అవతల ఆడవాళ్లలో అతని భార్య సుంకమ్మ ఉంది. ఆనాటి మంటల్లో పెళ్లిచీరను తన చేత్తోనే వేసిన మనిషి. ఆదెన్న అటు చూడలేకపోయాడు.

"నేనే ఏస్తినన్నా. రాట్నం నూలు పడుగుకు నిలిచేది గాదు. ఘడియకొక తూరి తెగేది. విసుగొచ్చి మిల్లు నూలు ఏస్తి. ఆయప్పకు తెలీదు."

"నాడె పట్టుకుని చెప్పు."

ఎవరో పరుగున పోయి, మగ్గంలో అటూ ఇటూ పేక పోగు లాగే నాడె తెచ్చారు. నాడె పట్టుకుని అబద్ధమాడినవాడి చేతికింద మళ్లీ పోగు నిలవదని ఆ వీధిలో నమ్మకం. ఆదెన్న దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. మాట వణకనివ్వకుండా చెప్పాడు.

"దేవేంద్రప్పకు తెలీదు. తప్పు నాది."

రెండో ఆయన రాసిన వాక్యం కొట్టేశాడు. దావీదురాజు భూతద్దం జేబులో వేసుకుని, "బతికించావు పెద్దాయనా. ఒక మహానుభావుడికి మచ్చ తెచ్చేవాళ్లం" అన్నాడు. ఆ మాట ఆదెన్నకు చెంపదెబ్బలా తగిలింది.

ఉరుకుందప్ప అతని మొహం చూడకుండానే, "రేపట్నుంచి నేతసంఘం నూలు నీకు లేదు" అని వెళ్లిపోయాడు.

ఇంట్లో సుంకమ్మ తిట్టి ఉంటే బాగుండేది. ఆమె ఏడ్చింది.

"ఏమయ్యా, నా పెండ్లిచీర కాలతాంటే నా పక్కనే ఉంటివి గదా. అంతా చూసి, ఇంటికొచ్చి మిల్లు నూలు నేస్తివా? అట్లాంటి మారాజును మోసం చేసేకి నీకు చేతులెట్లొచ్చె?"

"తప్పయిపాయ సుంకీ."

అంతకు మించి ఏం చెప్పగలడు? ఆ చీర తర్వాత ఆమెకు ఇంకో పట్టంచు చీర కొనిచ్చింది లేదు. ఆమెకు జరిగిన అన్యాయానికి తననేం చేసినా తక్కువే అనిపించింది.

మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. నాడె విసిరాడు. పోగు తెగింది. అతికాడు. మళ్లీ తెగింది.

పదహారేళ్ల కిందట, సుంకమ్మ చీర కాలిన బూడిద ఇంకా చల్లారకముందే, పెరటి దారిన వచ్చి, పైపంచె కింద దాచిన మిల్లు నూలు చుట్టలు తీసి ఆదెన్న ఒళ్లో పెట్టి, "పడుగుకైనా ఇదెయ్యి, అంతా ముతకదైతే నా ఒంటికి పడదప్పా, ఎవురికీ చెప్పొద్దు" అన్నది దేవేంద్రప్పే.