ఖాళీ గడి

"ఆ సున్నా తీసెయ్యండమ్మా."

మూడో రోజు కూడా అదే మాట. తల ఎత్తకుండానే విలేకరి గుర్తుపట్టింది. ముడతల చొక్కా, మాసిన గడ్డం, నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళు. పత్రికాఫీసు మెట్ల దగ్గర కాపు కాసి, ఆమె రాగానే ఎదురొస్తున్నాడు.

"ఏ సున్నా?" అంది, తెలిసి కూడా.

"వంతెన పక్క ఆసుపత్రిది. కాన్పులో చనిపోయినవాళ్ళు సున్నా అని వేశారే, అది."

రెండు నెలల క్రితం ఆరోగ్య పేజీలో వచ్చిన పట్టిక అది. కాన్పుకి ఏ ఆసుపత్రి ఎంత భద్రమో, ఆరోగ్య శాఖ లెక్కలన్నీ వడగట్టి, చదువు రానివాళ్ళు కూడా అడిగి తెలుసుకునేంత తేలిగ్గా రాసింది. సంపాదకుడు అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ వారమంతా ఆమె కాళ్ళు నేలమీద ఆనలేదు.

"ఆ లెక్కలు నావి కావు, ఆరోగ్య శాఖవి. వాళ్ళనడగండి."

"అసలు లెక్క మీరొక్కసారి చూడండమ్మా. ఎవరింట్లోనైనా జరగొచ్చు. మీ ఇంట్లో కూడా."

విలేకరి చటుక్కున తల ఎత్తింది.

చెల్లెలికి నెలలు నిండాయి. ఇవాళ పొద్దున్నే చేరేది ఆ ఆసుపత్రిలోనే. వీడికెలా తెలిసింది? ఎవరో పోటీ ఆసుపత్రివాళ్ళు పంపిన రౌడీ కాదు కదా!

"బెదిరిస్తున్నావా?"

"అయ్యో, అది కాదమ్మా, నేను..."

ఆమె వినలేదు. కాపలాదారుని కేకేసింది. అతను పోలీసులకి ఫోన్ చేశాడు. పోలీసులు వచ్చి జీపెక్కిస్తున్నప్పుడు కూడా ఆ మనిషి "అసలు లెక్క చూడండమ్మా" అంటూనే ఉన్నాడు.

ఆమె లోపలికెళ్ళి కుర్చీలో కూర్చుంది. చూస్తే ఓ పనైపోతుందని, శాఖ పంపిన ఫైలు తెరిచింది.

వంతెన పక్క ఆసుపత్రి. మరణాల గడి.

అందులో సున్నా లేదు. ఏమీ లేదు. ఖాళీ.

ఆ ఆసుపత్రి అసలు లెక్కే పంపలేదు. పట్టిక తయారు చేసేటప్పుడు ఖాళీ గళ్ళన్నిటినీ కంప్యూటర్ సున్నాలతో నింపేసింది. ఆమె ఆ సున్నాని చూసి మురిసిపోయి, ఆ ఆసుపత్రిని మొదటి వరసలో కూర్చోబెట్టింది. కళ్ళు మూసుకుని చేరిపొమ్మని చెల్లెలికి చెప్పిందీ తనే.

చెల్లెలికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మరిదికి చేసింది. ఎత్తలేదు.

టాక్సీలో కూర్చుందే గానీ ప్రాణం ప్రాణంలో లేదు. ఆసుపత్రి గేటు దగ్గర దిగుతుండగా ఫోన్ మోగింది.

"వదినా, పాప పుట్టింది!" మరిది గొంతు.

"చెల్లి ఎలా ఉంది? ఏ గదిలో ఉన్నారు?"

"గండం గడిచింది వదినా. రక్తం బాగా పోయింది. ఇక్కడ రక్తం సిద్ధంగా ఉంది కాబట్టి బతికిందన్నారు. మేం పెద్దాసుపత్రిలో ఉన్నాం."

"పెద్దాసుపత్రా?"

"పొద్దున్న వంతెన దగ్గర గేట్లోనే ఒకతను అడ్డం పడ్డాడు. ఇక్కడొద్దు బాబూ అని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. నాకు భయమేసి బండి తిప్పించాను. నీకు చెప్తే తిడతావని చెప్పలేదు."

విలేకరి గోడకి ఆనుకుంది. ఏడుపొచ్చింది. కాసేపటికి గేటు కాపలాదారు దగ్గరికెళ్ళింది.

"పొద్దున ఇక్కడ అందరికీ అడ్డం పడుతున్నాడట, ఒకతను..."

"ముడతల చొక్కా, గడ్డం. అతనేనా? తరిమినా పోడమ్మా. రోజూ తెల్లారగానే వస్తాడు. కడుపుతో వచ్చినవాళ్ళని వెనక్కి పంపి, ఆ తర్వాత ఏదో పేపరాఫీసుకి పోతాడు."

"ఎవరతను?"

కాపలాదారు గొంతు తగ్గించాడు.

"పేపర్లో ఇదే అన్నిటికన్నా భద్రమైన ఆసుపత్రని చదివి, పోయిన నెల భార్యని కాన్పుకి తీసుకొచ్చి, ఒక్కడే ఇంటికి తిరిగెళ్ళిన మనిషమ్మా."