రెండింటికి ఆగే వాచీ

మార్చి పదకొండు. ఆ మధ్యాహ్నం తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక ఉడికిన గుడ్డు.

పుస్తకాల బైండరుకి ఆ రోజు బాగా గుర్తు. గుడ్డు పెంకు తీస్తూండగానే చేతికున్న స్మార్ట్‌వాచ్ చప్పున నల్లబడింది.

ముందురోజు దానికి కొత్త అప్‌డేట్ వచ్చింది. అంతవరకూ రెండు రోజులు నిలిచిన బ్యాటరీ, పొద్దున నిండుగా చార్జింగు పెట్టినా మధ్యాహ్నం రెండయ్యేసరికి చేతులెత్తేసింది.

మామూలు వాచీ అయితే పట్టించుకునేవాడు కాదు. అది నాడి చూసే వాచీ.

నిరుడు పుస్తకాలు కుడుతూ కుడుతూ కాగితాల బొత్తి మీద పడిపోయినప్పుడు, పక్క గదిలో భార్య ఉండబట్టి బతికాడు. ఆమే ఈ వాచీ కొని కట్టింది. నాడి అందకపోయినా, వాచీ ఆగిపోయినా, ఇంటి గుర్తులతో సహా ఒక ఫోనుకి మెసేజ్ వెళ్తుంది. అది తన తమ్ముడికి వెళ్లాలని, తను జబ్బుపడి చేరిన ఆసుపత్రి మంచం మీదే, కళ్లజోడు లేకుండా తనే నంబరు నొక్కింది. ఆ తర్వాత నెలకి ఆమె లేదు.

ఇప్పుడు మూడో అంతస్తులో బైండరు ఒక్కడే. పడిపోతే దిక్కు ఆ మెసేజ్ ఒక్కటే.

భోజనానికి ముందు ఇంకోసారి చార్జింగు పెట్టుకోమని, మళ్లీ అప్‌డేట్ వస్తే అదే సర్దుకుంటుందని షాపువాడు చెప్పాడు.

బైండరు పెట్టలేదు.

వాచీ ఆగి రెండు రోజులైనా బామ్మర్ది నుంచి ఫోను లేదు. బావ ఉన్నాడా పోయాడా అని కూడా అడగలేదు. సరే, ఎన్నాళ్లకి పలకరిస్తాడో చూద్దామని పంతం పట్టి, రోజూ వాచీని ఆగిపోనిచ్చాడు.

బామ్మర్ది రాలేదు గానీ, ఇంకొకాయన తగులుకున్నాడు.

వాచీ ఆగిన మొదటి రోజే ఎవరో తలుపు దబదబా బాదారు. తీస్తే, బుగ్గలు పీక్కుపోయిన పెద్దమనిషి గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏం కావాలండీ?"

ఆయన కాసేపు మాట కూడదీసుకున్నాడు.

"కాసిని మంచినీళ్లు ఇప్పిస్తారా?"

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కింద కొళాయి ఉండగా మూడంతస్తులు ఎక్కడం దేనికని బైండరు అడిగితే, ఆ నీళ్లు చప్పగా ఉంటాయన్నాడు. బైండరు మనసులో ఆయనకి దాహాలరాయుడని పేరు పెట్టుకున్నాడు.

సరిగ్గా జిగురు పూసే వేళకే వస్తాడు. తాగేది రెండు గుక్కలు. గుమ్మం దగ్గర స్టూలు మీద ఆయాసం తీర్చుకునేది పది నిమిషాలు.

ఒకరోజు మనసాగక బైండరు ఆయన ముందే బామ్మర్దిని తిట్టుకున్నాడు. వాచీ సంగతంతా చెప్పాడు.

"నేను పోయినా, వాసనొస్తే తప్ప ఎవరికీ తెలియదండీ."

దాహాలరాయుడు గ్లాసు కింద పెట్టాడు.

"అలా అనకండి. ఎవరో ఒకరు వస్తారు లెండి."

మూడో వారంలో, తలుపు చప్పుడుకి బైండరు చెయ్యి బెసికి, లైబ్రరీ పుస్తకం అట్ట వంకరగా అంటుకుపోయింది. కోపం నషాళానికెక్కింది.

"నా ఇల్లేమన్నా నీళ్ల ట్యాంకా? రేపట్నుంచి రాకండి. అంత దాహమైతే సీసా పట్టుకు తిరగండి."

"తప్పేనండీ," అని ఆయన దిగిపోయాడు.

తర్వాత మూడు రోజులూ అదే వేళకి మెట్ల మలుపులో దగ్గు వినబడింది. బైండరు పలకలేదు. అట్టల మీద సుత్తి ఇంకాస్త గట్టిగా కొట్టాడు. దగ్గు ఆగి, చెప్పుల చప్పుడు కిందికి వెళ్లిపోయేది.

నాలుగో రోజు దగ్గు లేదు. పీడా వదిలిందనుకున్నాడు.

ఇంకో పది రోజులకి బామ్మర్ది వచ్చాడు. కూర్చోమనైనా అనకుండా బైండరు కడిగిపారేశాడు. బామ్మర్ది తెల్లబోయి తన ఫోను చూపించాడు. అందులో ఒక్క మెసేజూ లేదు. ఇద్దరూ కలిసి వాచీలో ఉన్న నంబరు తీశారు.

"బావా, నా నంబరు చివర ఏడు. ఇక్కడ నాలుగుంది. అక్క తప్పు నొక్కింది."

ఆ నంబరుకి ఫోను చేస్తే ఒకావిడ ఎత్తింది. ఇల్లు వెనక వీధిలోనేనట. ఊరూపేరూ తెలియనివాళ్లని ఇన్నాళ్లు విసిగించినందుకు క్షమాపణ చెప్పుకుందామని, సాయంత్రం బైండరు ఒక్కడే వెళ్లాడు.

ఆవిడ గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"నాది కాదండీ, మావారి ఫోను. ఈవేళ కూడా మెసేజ్ వచ్చింది. ఆయనే లేరు. పోయి పది రోజులైంది."

ఆయన సంగతి ఆవిడే చెప్పుకొచ్చింది.

మొదటి మెసేజ్ వచ్చినప్పుడు ఆయన తింటున్న కంచం వదిలేసి పరుగెత్తాడట. ఆ ఇంటాయన నిక్షేపంగా వచ్చి తలుపు తీసేసరికి, పోయారనుకుని వచ్చానని చెప్పలేక మంచినీళ్లడిగాడట. నంబరు తప్పని చెప్పేయమని ఆవిడ పోరింది. చెబితే బామ్మర్ది నంబరు పెట్టుకుంటాడు, ఆ బామ్మర్ది పలకడట, ఇక ఆ మనిషిని ఎవరు చూస్తారని ఈయన వాదన. రావద్దన్నాక కూడా సగం మెట్లెక్కి, లోపల సుత్తి చప్పుడు వినబడితే చాలని తిరిగొచ్చేవాడట.

బైండరు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"గుండె ఆపరేషనైన మనిషి, మెట్లెక్కొద్దని డాక్టరు మరీ మరీ చెప్పినా వినలేదండీ, ఎవరి ప్రాణమో పొరపాటున మన నంబరుకి వచ్చింది, ఎలా వదిలేస్తామనేవారు," అని ఆవిడ, ఇంకేమీ అడగకుండా, తలుపు మెల్లిగా వేసుకుంది.