అచ్చం సీరియల్లో లాగే

"ఇది గగనసింహం డ్రెస్సా? దీన్ని చూస్తే సింహం ఉరేసుకుంటుంది" అన్నాడు కిరీటి.

వెనక నిలబడ్డ పదకొండు మందీ ఒకేసారి నవ్వారు. అధ్యక్షుడు జోకేస్తే నవ్వాలని వాళ్ళ సంఘంలో రూలు.

తిరువూరు బస్టాండు వెనక సందులో ఉన్న ఆ కొట్టుకి 'రాయప్ప టైలర్స్' అని బోర్డు. రాయప్ప పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు మెషీను తొక్కేది ఆయన భార్య రిబ్కా.

కిరీటి సంగతి కొంచెం చెప్పుకోవాలి. వాళ్ళ నాన్నకి పురుగుమందుల కొట్టుంది. కొడుక్కి గగనసింహం అభిమాన సంఘం ఉంది. గగనసింహం ముప్ఫయ్యేళ్ళ కిందట ఆదివారం పొద్దున టీవీలో వచ్చిన సీరియల్. నీలం డ్రెస్సు, పసుపు కేప్, ఛాతీ మీద సింహం బొమ్మతో హీరో ఆకాశంలోంచి దూకి దొంగల్ని తన్నేవాడు. అప్పటికి కిరీటి పుట్టనే లేదు. అయినా ఫోన్లో నాలుగు ముక్కలు చూసి, ఆ సీరియల్ గురించి తనంత తెలిసినవాడు రెండు రాష్ట్రాల్లో లేడని తేల్చుకున్నాడు. తెలియనివాళ్ళని తిట్టడమే ప్రస్తుతం అతని ఉద్యోగం.

ఇప్పుడు గగనసింహం మళ్ళీ సినిమాగా వస్తోంది. విడుదలకి ముందు విజయవాడలో పెద్ద ఫంక్షన్. అభిమానులంతా పాత డ్రెస్సులో రావాలట. ఎవరిది అచ్చం సీరియల్లో లాగే ఉంటే, వాళ్ళు వేదికెక్కి కొత్త హీరో భుజాలకి తమ చేత్తో కేప్ కట్టొచ్చు. కిరీటికి జీవితంలో ఇంకేమీ అక్కర్లేదు. ఆ ఒక్క నిమిషం చాలు. 'విజయవాడ వేదికపై మన తిరువూరు సింహం' అని ముందే ఫ్లెక్సీ కూడా కట్టించేశాడు. అందులో హీరో బొమ్మ అరచెయ్యంత. కిరీటి బొమ్మ నిలువెత్తు. అడుగున నల్ల కళ్ళద్దాలతో పదకొండు తలకాయలు.

రేపే ఫంక్షన్. వారం కిందట రిబ్కాకి శాటిన్ గుడ్డ ఇచ్చి, "అచ్చం సీరియల్లో లాగే ఉండాలి ఆంటీ, తేడా వస్తే ఊరుకోను" అని మూడుసార్లు చెప్పి వెళ్ళాడు. ఇప్పుడామె ఎంతో జాగ్రత్తగా కవర్లోంచి తీసి బల్ల మీద పరిచింది ఈ డ్రెస్సే.

"నీలం చూడరా, ఇంకు ఒలికినట్టుంది. చైతన్యా, ఫోన్ తియ్."

పదకొండు మందిలో ఒకడైన చైతన్య తీశాడు. ఎవరో రంగులు దట్టించి పెట్టిన వీడియో. అందులో గగనసింహం పెళ్ళి మంటపంలా మెరిసిపోతున్నాడు.

"అదీ నీలం అంటే! ఇదేంటి? సింహం జూలు కొబ్బరి పీచులా ఉంది. ఎడమ మోచేతికి అతుకొకటి. గగనసింహం అతుకుల చొక్కా వేసుకుంటాడా? పైగా కలరా ఉండల కంపు. మా శాటిన్ నొక్కేసి ఏం గుడ్డ అంటగడుతున్నావ్?"

"మీ శాటిన్ ఎక్కడికీ పోలేదు బాబూ. నే చెప్పేది విను. ఇదీ..."

"అసలు నువ్వెప్పుడైనా ఆ సీరియల్ చూశావా?"

"లేదు బాబూ. ఆదివారం పొద్దున మేం చర్చికెళ్ళేవాళ్ళం."

"అదీ సంగతి! చూడనోళ్ళు కూడా మాకు చెప్పేవాళ్ళే!"

పదకొండు మందీ మళ్ళీ నవ్వారు. రిబ్కాకి ఒళ్ళు మండింది. శాటిన్ తీసి మెషీను ముందు కూర్చుంది.

సాయంత్రానికి కొత్త డ్రెస్సు తయారైంది. మెడకి, చేతులకి కిరీటి దగ్గరుండి చెమ్కీలు కుట్టించాడు. తొడుక్కుని అద్దం ముందు నిలబడితే దండెం మీద ఆరేసినట్టు వేలాడింది. గగనసింహానికి ఛాతీ ఉంటుంది. కిరీటికి అక్కడ ఏమీ లేదు.

"లోపల దూది పెట్టనా బాబూ?"

"దూది జారిపోద్ది."

కిరీటి కళ్ళు బల్ల మీదున్న నీలం డ్రెస్సు మీద పడ్డాయి. పెద్ద కత్తెర అందుకున్నాడు.

"వద్దు బాబూ! దాని జోలికెళ్ళకు!"

రిబ్కా లేచి వచ్చేలోపే అది ఎనిమిది ముక్కలైంది.

"ఇవి కుక్కు. దేనికో ఒకదానికి పనికొస్తాయి."

రిబ్కా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాతగుడ్డకి ఏడుస్తోంది చూడండిరా అంటూ చైతన్య వీడియో తీశాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది. ముక్కలన్నీ మడతపెట్టి శాటిన్ లోపల ఛాతీ నిండా కుక్కింది. సింహం బొమ్మ ఉన్న ముక్కని మాత్రం ఎడమవైపు, గుండె దగ్గర పెట్టి కుట్టేసింది.

మర్నాడు విజయవాడ మైదానంలో రెండు వందల గగనసింహాలు వరసకట్టాయి. అందరిలోకీ ఎక్కువ మెరుస్తున్నది కిరీటే. పాత సీరియల్ తీసిన ముసలి డైరెక్టరు చేతికర్ర పోటేసుకుంటూ ఒక్కొక్కరినీ దగ్గరగా చూసుకుంటూ వచ్చాడు. కిరీటి ఊపిరి బిగబట్టి ఛాతీ ముందుకి తోశాడు. ఆయన ఆ ఛాతీని వేలితో ఒకసారి నొక్కి, పెదవి విరిచి, పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయాడు.

"ముసలాడికి కళ్ళు కనిపించవురా" అన్నాడు కిరీటి చైతన్యతో.

ఆ ముసలాయన మెల్లగా వేదికెక్కి మైకు అందుకుని, "మీలో ఎవరిదీ అచ్చం అలా లేదయ్యా, అసలు డ్రెస్సుని ఆఖరి రోజు షూటింగ్ అయ్యాక దాన్ని కుట్టిన మా టైలర్ రాయప్పకే ఇచ్చేశాను, ఆయనది తిరువూరు, ఎడమ మోచేతికి నా కళ్ళముందే అతుకు వేశాడు, ఆ ఊరి వాళ్ళెవరైనా ఇక్కడుంటే వెళ్ళి దాన్ని తీసుకురండి, హీరోకి కేప్ కట్టేది మీరే" అన్నాడు.