భుజానికి ఒదిగిన తుపాకీ

“అలా చూస్తావేంరా? ఎత్తు. నా భుజానికి సూది పొడిచారు, నొప్పిగా ఉంది. ఎలా ఉందో నువ్వు ఎత్తి చెప్పు,” అన్నాడు వెయ్నో.

ఆర్విడ్ కౌంటరు మీది రైఫిల్ అందుకుని భుజానికి ఆనించాడు. అక్క మొగుడి మాట అతనెప్పుడూ తీసెయ్యలేదు. ఈ రోజు అసలే తీసెయ్యలేడు.

“ఎడమ భుజానికి పెట్టావేంటయ్యా?” అంది తుపాకుల దుకాణం నడిపే కొలెట్.

“వాడిది ఎడమచేతి వాటం. కింద లీవర్ లాగే తుపాకీకి ఏ చెయ్యైతేనేం!” వెయ్నో నవ్వాడు. “ఇన్నేళ్ళూ కుడిపక్క బోల్టు లాగే నా రైఫిల్ అరువడిగి, జింకల కన్నా చెట్లనే ఎక్కువ కొట్టాడు.”

“చెట్లు కదలవుగా బావా.” ఆర్విడ్ నవ్వబోయాడు. నవ్వు రాక తుపాకీ కేసి తల దించుకున్నాడు.

నిన్న మధ్యాహ్నం హెల్మి అక్క అతన్ని ఆవిరిస్నానం గది వెనక కట్టెల దగ్గరికి పిలిచింది. చేతిలో ఒక కట్టె పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడి చెప్పింది. బావ కడుపులో ఉన్నది ఆయనకు చెప్పినట్టు పుండు కాదు. నవంబరులో వేట మొదలయ్యేదాకా కూడా ఉండడని డాక్టరు ఆమెను పక్కకు పిలిచి చెప్పాడు.

“ఆయనకి తెలియనివ్వకురా. రేపు తుపాకీ కొనాలంటున్నాడు. అడ్డు చెప్పకు. ఈ నాలుగు రోజులైనా నవ్వుతూ తిరగనీ.”

ఆర్విడ్ ఒట్టు వేశాడు. అందుకే ఇప్పుడు ఈ కౌంటరు ముందు నిలబడి, బావ ఎన్నటికీ పేల్చని తుపాకీ బాగుందో లేదో చెప్పాల్సి వచ్చింది.

“ఇది ఫార్టీఫైవ్-సెవెంటీ,” అంది కొలెట్. “బొటనవేలంత తూటా. ఎలుగైనా ఉన్నచోటే కూలుతుంది. కానీ బాగా వెనక్కి తంతుంది.”

బావ ఎన్నాళ్ళ నుంచో మోజుపడ్డది దాని మీదే. అంతకన్నా చిన్న తూటాలన్నీ దోమలకు పనికొస్తాయని వెక్కిరించేవాడు. దుకాణం వెనక పాత కంకర గుంటలో కాల్చి చూసుకోవచ్చు. ముగ్గురూ అక్కడికి వెళ్ళారు. ఆర్విడ్ ఒక్కసారి పేల్చి, ఒకడుగు వెనక్కి పడ్డాడు.

“ఎలా ఉంది?”

“బాగుంది బావా.”

“అబద్ధం. పన్ను పీకించుకున్న మొహంలా ఉంది. ఇది తీసెయ్, కొలెట్.”

“మీకు ఇష్టం కదా ఇది!” అంది కొలెట్.

“ఇష్టమే. కానీ వేట ఏడాదికి నాలుగు రోజులు. మిగతా రోజుల్లో సరదాగా డబ్బాలు కొట్టుకోవాలి గదా? రెండో తూటాకే భుజం పట్టుకుంటే ఇంక సరదా ఏముంది?”

కొలెట్ మరొకటి తెచ్చింది. “త్రీ-ఫిఫ్టీసెవెన్. అసలు తన్నదు. పొద్దస్తమానం కాల్చుకోవచ్చు. జింక దగ్గర్లో ఉంటే పడుతుంది. వంద గజాలు దాటితే మాత్రం నేను పూచీ పడను.”

ఆర్విడ్ లీవర్ కిందికి లాగి పైకి తోసి, వరసగా డబ్బాలు ఎగరగొట్టాడు. తనకు తెలియకుండానే నవ్వాడు. ఆ వెంటనే తప్పు చేసినట్టు ఆగిపోయాడు.

“నవ్వాడు!” వెయ్నో చప్పట్లు కొట్టాడు. “కానీ కొలెట్, వీడు దగ్గాడంటే జింకలు కెనడా దాకా పరిగెడతాయి. దగ్గరికి రావడం కల్ల. వీటికి మధ్యది చూపించు.”

మధ్యది థర్టీ-థర్టీ. అడవిలో చెట్ల సందున జింకను కొట్టడానికి తాతల నాటి నుంచీ అందరూ వాడేది అదే. తన్నీ తన్నకుండా తన్నింది. ఆర్విడ్ మూడు కాల్చి, నాలుగోది కూడా కాల్చబోయి దించేశాడు. బావ ఉత్సాహం ఇక చూడలేకపోయాడు.

“బావా, వచ్చే ఏడాది కొందామా? ఇంకా మంచివి వస్తాయేమో.”

వెయ్నో అతనికేసి కాసేపు చూశాడు. “వచ్చే ఏడాది దాకా ఎందుకురా ఆగడం? కొలెట్, ఇదే ఇచ్చెయ్.”

ఆర్విడ్ ఎగిరిపడ్డ డబ్బాలు ఏరే నెపంతో మొహం తిప్పుకున్నాడు.

“వెయ్నో అన్నా, మీకు ఈ తుపాకీ మడమ పొడవవుతుంది. కాస్త కోయించనా?” అంది కొలెట్.

“అక్కర్లేదు. వాడి చెయ్యీ నా చెయ్యీ ఒకటే పొడవు.”

ఆర్విడ్ బావ కన్నా జానెడు పొడగరి. మందుల మత్తులో అలా అంటున్నాడనుకున్నాడు. కొలెట్ ఏదో అనబోతే కళ్ళతోనే వద్దన్నాడు.

ఇంటికి వస్తుంటే బండిలో వెయ్నో మాట్లాడుతూనే ఉన్నాడు. హెల్మి కట్టిచ్చిన మాంసం కూరిన పాస్టీ రొట్టె విప్పి, తను ముట్టకుండా మొత్తం ఆర్విడ్ ఒళ్ళో పెట్టాడు.

“లీవర్ సగం లాగి ఆగకూడదు, తూటా ఇరుక్కుంటుంది. పూర్తిగా లాగాలి. మంచులో తడిస్తే ఆ పూటే నూనె రాయాలి. చిత్తడి నేలకి ఉత్తరం గట్టున నిలబడాలి, గాలి ఎదురుగా వస్తుంది, జింకకు నీ వాసన తగలదు. వింటున్నావా?”

“ఊఁ.”

“ఊఁ కాదు. చెప్పు, ఎటు నిలబడాలి?”

“ఉత్తరం గట్టున.” రోడ్డు మసకబారింది. ఆర్విడ్ చేతి వెనకతో కళ్ళు తుడుచుకుని, ఎండ పడుతోందన్నాడు. బయట మబ్బుగా ఉంది.

ఇంటి మెట్ల మీద హెల్మి ఎర్రగా పెదవులకు రంగు వేసుకుని నిలబడి ఉంది. “కొన్నారా వేటగాళ్ళూ?” అని అవసరాన్ని మించి గట్టిగా నవ్వింది. ఆర్విడ్ ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు.

వెయ్నో బండి తలుపు పట్టుకుని మెల్లగా దిగాడు.

“బావా, తుపాకీ!”

“నీ దగ్గరే ఉండనీ.”

తలుపు వెయ్యబోయి ఆగాడు. మెట్ల వైపు ఓసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

“నాకు తెలుసని మీ అక్కతో అనకు.”