లోపల చెయ్యి

కంప్యూటర్లో కొత్త కార్డు సరిగానే కూర్చుంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, అయినా తెర నల్లగానే ఉంది. అంటే తప్పు కార్డుదా, తనదా, లేక కొన్ని వస్తువులు కొన్ని చేతులకు ఎప్పటికీ లొంగవా అని భూపాల్ ఆలోచిస్తున్నాడు.

పాత కార్డు తిరిగి పెట్టి చూశాడు. అదీ అంతే.

వైర్లన్నీ పీకి మళ్లీ గుచ్చాడు. స్విచ్చు నొక్కిన ప్రతిసారీ కంప్యూటర్ మూడుసార్లు కూసి ఊరుకుంటోంది, ఏదో చెప్పబోయి మానుకున్న మనిషిలా.

గోదావరిఖని చౌరస్తా దగ్గర అతని ఫొటో స్టూడియో. రేపు నాయన సదయ్య సంవత్సరీకం.

బొగ్గు బాయిలో బతుకంతా గడిపిన నాయన, కెమెరా ముందు కూర్చుని మాట్లాడిన వీడియో ఒక్కటే ఉంది. అది ఈ కంప్యూటర్లోనే ఉంది. ఇంకోచోట దాచలేదు. రేపు చుట్టాల ముందు పెద్ద టీవీలో వెయ్యాలని అమ్మ కోరిక. ఆ వీడియోను బాగుచేస్తుంటే కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోందనే ఈ కొత్త గ్రాఫిక్స్ కార్డు తెచ్చాడు.

డిస్కు తీసి వేరే కంప్యూటర్‌కు తగిలించమని పెద్దపల్లి మెకానిక్ ఫోన్లో చెప్పాడు. తీసేటప్పుడు అదీ పోతే అన్న భయం అతని చేతిని ఆపింది.

ఆ వీడియో చివర ఏముందో అతనికి తెలుసు. "బొగ్గు మోసే బెల్టు కింద ఒక దినం నా చెయ్యి ఇరికింది బిడ్డా, అప్పుడు..." అని నాయన మొదలుపెట్టేసరికి ఎవరో పాస్‌పోర్టు ఫొటోకు వచ్చారు. తర్వాత చెబుదువులే అని భూపాల్ కెమెరా ఆపేశాడు.

ఆ తర్వాత అనేది రాలేదు.

బెంచీ మీద ఒక ముసలాయన చాలాసేపటి నుంచి కూర్చుని ఉన్నాడు. తెల్ల గడ్డం, నెత్తి మీద టోపీ. పింఛను కాగితాలకు ఫొటో కోసం వచ్చి ఉంటాడు. కంప్యూటర్ చెడిపోయింది, ఇంకోరోజు రమ్మని భూపాల్ చెప్పాడు. ఆయన తలూపి, గోడ మీద దండ వేసిన సదయ్య ఫొటోను చూస్తూ ఉండిపోయాడు.

"సదయ్య కొడుకువే గద బేటా?"

"వచ్చినోళ్లందరు అదే అడుగుతరు చాచా. జర పని చేసుకోనియ్యి."

ఆయన మళ్లీ ఫొటో వైపు తిరిగాడు.

ఫ్యాన్లు తిరుగుతుండగానే కార్డును నొక్కి చూద్దామని భూపాల్ లోపలికి చెయ్యి పెట్టాడు. మణికట్టు దాకా దూర్చాడు.

ఫ్యాన్లు ఆగిపోయాయి. షాపులో లైట్లు ఆరిపోయాయి.

కరెంటు పోయిందనుకున్నాడు. పక్క జిరాక్సు షాపులో మిషను చప్పుడు మాత్రం వినబడుతూనే ఉంది. తలెత్తి చూస్తే ముసలాయన మీటరు బోర్డు దగ్గర నిలబడి ఉన్నాడు. తెల్ల పింగాణీ ఫ్యూజును ఊడదీసి చొక్కా జేబులో వేసుకుని, పైన అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏం పని చాచా ఇది?"

"నీ చెయ్యి లోపలున్నది."

"ఇది బాయి కాదు. నడిచేదాన్ని గిట్ల ఆపితే డిస్కు పోతది. మా నాయన గొంతు పోతది. నీకేం ఎరుక?"

ముసలాయన పెదవులు కదిలాయి. భూపాల్ వినిపించుకోలేదు. పొద్దుటి నుంచి ఎవరి మీద చూపాలో తెలియని కోపానికి ఒక మనిషి దొరికాడు. ఫ్యూజు ఇమ్మని చెయ్యి చాపాడు.

"లోపల ఎవల చెయ్యి లేదు గద?"

"లేదు. ఇయ్యి."

ఆయన వంగి కంప్యూటర్ వైపు చూశాడు. అదే మాట ఇంకోసారి అడిగాడు. అప్పుడు ఇచ్చాడు.

ఇంకెప్పుడూ ఈ షాపు మెట్లెక్కవద్దని భూపాల్ అన్నాడు. ఆయన సదయ్య ఫొటో వైపు ఒకసారి చూసి, గోడ పట్టుకుని మెల్లగా దిగిపోయాడు.

ఫ్యూజు పెట్టి స్విచ్చు నొక్కితే, కంప్యూటర్ ఈసారి కూయనైనా లేదు.

మధ్యాహ్నం అమ్మ మల్లక్క అన్నం డబ్బా తెచ్చింది. ఎవడో పిచ్చి ముసలోడు ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడని, సగం పోయినదాన్ని పూర్తిగా పోగొట్టాడని భూపాల్ విసుక్కుంటూ చెప్పాడు.

డబ్బా మూత తీస్తున్న ఆమె చెయ్యి ఆగింది.

"ఏ జేబుల?"

"చొక్కా జేబుల. ఎవలో గుంజుకుంటరన్నట్టు పైన చెయ్యి పెట్టుకున్నడు."

ఆమె బెంచీ మీద కూలబడింది. అది మక్సూద్ అన్నే అయ్యుంటాడంది. గోలేటి దిక్కు బదిలీ మీద పోయినవాడు మళ్లీ కనబడలేదనీ, ఆఖరి దినాల్లో నాయన ఆయన కోసమే మనుషులను పంపి వెతికించాడనీ చెప్పింది.

"ఎవలే ఆయన?"

"మీ నాయన చెయ్యి బెల్టు కింద ఇరికిన దినం స్విచ్చు కాడ ఆయనదే డ్యూటీ. లోపల మనిషున్నడంటే ఆ కొసకున్నోళ్లు నమ్మలే. బెల్టు నడుపుమని ఒకటే లొల్లి. ఒకడైతే మీదవడి కొట్టిండట. ఫ్యూజు జేబుల వెట్టుకోని, మీ నాయన బయటికొచ్చెదాక దాని మీదికెళ్లి చెయ్యి తియ్యలే."

భూపాల్ బస్టాండుకు ఉరికాడు. గోలేటి దిక్కు బస్సు వెళ్లిపోయి చాలాసేపయిందన్నారు.

తిరిగి వచ్చి ఖాళీ బెంచీని చూశాడు. ఈ కంప్యూటర్ తెరుచుకున్నా నాయన గొంతు 'అప్పుడు' అన్న దగ్గరే ఆగుతుంది. దాని తర్వాతి మాట పొద్దుటి నుంచి ఈ బెంచీ మీదే కూర్చుంది. తనే వెళ్లగొట్టాడు.

డిస్కు తీయడానికి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. లోపలికి పోబోయిన చెయ్యి ఆగింది.

లేచి మీటరు బోర్డు దగ్గరికి వెళ్లాడు. ఫ్యూజు ఊడదీసి, చొక్కా జేబులో వేసుకున్నాడు.