ఒకే ఒక్క విజేత

"ఒరేయ్, ముందా మిషను ఆపు! పన్నెండింటిలోపు పన్ను కట్టకపోతే నా పది లక్షలు హుష్‌కాకి!"

ఇస్త్రీ అక్క కేక అది. ఆ అచ్చు మిషను తిరుగుతుంటే పక్కన పిడుగు పడ్డా వినపడదు. అక్క గొంతు మాత్రం మిషనును దాటి, అవతలి గోడకు కొట్టుకుని, మళ్ళీ వెనక్కొచ్చింది. ప్రెస్సు తమ్ముడు ఉలిక్కిపడి స్విచ్చి నొక్కాడు. అప్పటిదాకా, పొద్దున్నే ఏదో మంచి పని చేసొచ్చిన మనిషిలా ఈల వేసుకుంటున్నాడు. ఆ ఈల సగంలో తెగిపోయింది.

అక్క ఒక చోట నిలబడటం లేదు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో మడతపెట్టిన ఉత్తరం, చంకలో సంచి. సంచిలో బ్యాంకు పుస్తకం. కంటి ఆపరేషను కోసం రెండేళ్ళుగా చొక్కా చొక్కాకూ కూడబెట్టిందంతా ఆ పుస్తకంలోనే ఉంది.

"ఇందులో ఖాతా నంబరుందిట. నా పాడు కళ్ళకి అంతా మంచు పట్టినట్టుంది. ఓ కాగితం మీద లావుగా రాసిచ్చెయ్, పరిగెత్తాలి. ఇంకేమీ అడక్కు."

"అడక్కుండా ఎలా అక్కా? పది లక్షలేంటి?"

"లాటరీరా! ఎవరికీ చెప్పొద్దన్నారు. నువ్వు ఎవరో కాదుగా, అందుకని చెప్తున్నా."

"టికెట్టు ఎప్పుడు కొన్నావు?"

"కొనలేదు."

"కొనని టికెట్టుకి ప్రైజెలా వచ్చింది?"

"నాకు కలిసొస్తుంటే నీకు కడుపుమంటరా!"

ఇంతలో ఫోను మోగింది. "ఆఫీసరు గారే! పొద్దుట్నించి ఇది పదకొండోసారి" అంటూ అక్క పమిట సర్దుకుంది, ఆయనేదో ఎదురుగా కూర్చున్నట్టు. తమ్ముడు ఫోను లాక్కున్నాడు.

"అయ్యా, ఆ పన్నేదో ఆ పది లక్షల్లోనే కోసేసుకుని మిగతాది ఇచ్చెయ్యండి. మాకేం అభ్యంతరం లేదు."

అవతల దగ్గు వినిపించింది. "రూల్సు ఒప్పుకోవు. ఇంకా నలభై నిమిషాలే ఉంది." ఫోను కట్టయింది.

"చూశావా, ఆయనకి కోపం తెప్పించావు!" అక్క గుమ్మం దాకా వెళ్ళి గిరుక్కున వెనక్కి తిరిగింది. "మోసమైతే వాళ్ళే ఎదురు చెక్కు పంపుతారా? పన్ను కోసమని అరవై వేలకి చెక్కు పంపారు. నిన్న బ్యాంకులో వేశా. ఇవాళ పుస్తకంలో ఎక్కింది కూడా. ఆ డబ్బే వాళ్ళకి తిప్పి పంపడం. నా సొంత రూపాయి ఒక్కటి కదలదు."

"ఎక్కితే నిలిచినట్టు కాదక్కా. ఆ చెక్కు దాని సొంత బ్యాంకుకి వెళ్ళాలి. చెల్లని చెక్కని తేలి తిరిగొచ్చేసరికి వారం పడుతుంది. ఈలోగా నువ్వు పంపిన అరవై వేలు వాళ్ళ జేబులో ఉంటాయి. అప్పుడు బ్యాంకు వాళ్ళు ఎవర్ని పట్టుకుంటారు? నిన్ను! నీ కంటి డబ్బులు గోకి మరీ తీసుకుంటారు."

అక్క అడుగు తడబడింది. నోరు మాత్రం తడబడలేదు. "ఇంత నున్నటి కాగితం, ఈ బంగారు రంగు అంచు... దొంగల పనంటే ఎలా నమ్మమంటావు? చూడు!"

తమ్ముడు మడత విప్పి ఉత్తరాన్ని కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టాడు. చదవలేదు. వాలుగా పట్టి చూశాడు. పైనించి కిందికి వెంట్రుకంత సన్నగా ఒక తెల్ల గీత. అతని మొహం రంగు మారింది.

"అక్కా... ఇది మన మిషన్లో అచ్చయిందే. కాగితం మీద అచ్చు ఒత్తే రబ్బరుకి గాటు పడింది. అప్పట్నించీ వేసిన ప్రతి కాగితానికీ ఈ గీత వస్తోంది."

మూలనున్న పాడైన కాగితాల గుట్ట మీద పడ్డాడు. ఒకటి, రెండు, పది కాగితాలు లాగి అక్క ముందు పరిచాడు. అదే అంచు, అదే ముద్ర. అన్నిటి మీదా ఒకటే మాట: 'ఒకే ఒక్క విజేత మీరే!' పేరు రాయాల్సిన చోటు ఖాళీ.

"వారం నించి ఈ ఒకే ఒక్క విజేతతోనే ఇంకు చేతులు తుడుచుకుంటున్నానక్కా! ఐదు వేల మంది ఒకే ఒక్క విజేతల్ని వేసిచ్చా!"

"ఓరి నీ దుంపతెగ! వేసేటప్పుడు చదవలేదా?"

"చదువుతూ కూర్చుంటే పని తెమలొద్దూ? ఇంకు సరిగ్గా పడిందా, అంచు వంకరపోయిందా, అంతే మేం చూసేది."

అక్క కాగితాల కట్ట మీద కూలబడింది. ఫోను మళ్ళీ మోగింది. ఈసారి దాని నోరు ఆవిడే నొక్కేసింది. సంచిలోని పుస్తకాన్ని తడిమి చూసుకుని, సీసాడు నీళ్ళు గటగటా తాగింది.

"నా కళ్ళు దక్కించావురా. ఆ చెక్కు సంగతి ఇప్పుడే వెళ్ళి బ్యాంకులో చెప్పేస్తా. అవునూ, ఆ దొంగసచ్చినాళ్ళు నీ అచ్చు డబ్బులన్నా ఇచ్చారా, ఎగ్గొట్టారా?"

"ఎగ్గొట్టడమా? అంత మర్యాదస్తుల్ని నేనెక్కడా చూళ్ళేదు. అంతా ఫోన్లోనే మాట్లాడారు, అడక్కుండానే చెక్కు పంపారు, అది పుస్తకంలో ఎక్కింది కూడా..."

తమ్ముడు ఆగాడు. చొక్కా జేబు మీదకు వెళ్ళిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. జేబులోంచి బ్యాంకు రసీదు తొంగిచూస్తోంది.

"పది వేల బిల్లుకి, పొరపాటున ఎనభై వేలు రాసేశార్టక్కా... పరాయి సొమ్ము మనకెందుకని, మిగతా డెబ్బై వేలూ పొద్దున బ్యాంకు తలుపు తియ్యగానే నేనే వాళ్ళకి పంపేసొచ్చాను."